మహనీయుల జీవితాలకు బుల్లితెర కొలత

2017 ఏప్రిల్ 25న అమెరికాలో నేషనల్ జియోగ్రాఫిక్ చానల్ ‘జీనియస్’ అనే ఆంథాలజీ సిరీస్‌ను మొదలుపెట్టింది. డాక్యుమెంటరీలకు పేరుపడ్డ ఆ చానల్ పూర్తిగా నటీనటులతో తీయించిన తొలి ధారావాహిక అది. సీజన్‌కు ఒక ప్రముఖ వ్యక్తి. ఆ కథ ముగియగానే నటులూ, కాలమూ, దేశమూ అన్నీ మారిపోతాయి. మొదట ఐన్‌స్టీన్, 2018లో పికాసో, 2021లో గాయని అరీతా ఫ్రాంక్లిన్, 2024లో మార్టిన్ లూథర్ కింగ్, మాల్కం ఎక్స్. మొదటి రెండు సీజన్లకు పదేసి ఎపిసోడ్లు, తర్వాతి రెండింటికి ఎనిమిదేసి. చరిత్రకెక్కిన వారి జీవితాలను విడివిడి నాటకాలుగా చూపడం టెలివిజన్‌కు దాదాపు పుట్టుకతో వచ్చిన అలవాటు. అరగంటతో మొదలైన ఆ అలవాటు పది గంటల దాకా పెరిగింది. నిడివి పెరిగినకొద్దీ మనిషి మనకు దగ్గరయ్యాడు, నిజమే. కానీ ఏ పని చేసి ఆ మనిషి తెరకెక్కాడో ఆ పని మాత్రం వెనక్కి జరుగుతూ వచ్చింది. ఈ ప్రక్రియ బలమంతా ఎంపికలో ఉందనీ, విస్తారం దానికి తరచు చేటే చేసిందనీ ఈ డెబ్బై ఏళ్ల చరిత్ర చూస్తే నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఎవరి కథ చెప్పాలన్న ప్రశ్న వెనుక మొదటినుంచీ డబ్బూ రాజకీయమూ ఉన్నాయి. 1935లో అమెరికన్ రేడియోలో ‘కావల్‌కేడ్ ఆఫ్ అమెరికా’ మొదలైంది. స్పాన్సర్ డ్యూపాంట్ కంపెనీ. మొదటి ప్రపంచ యుద్ధంలో మందుగుండు అమ్ముకుని లాభాలు గడించిందన్న ఆరోపణపై సెనేట్ కమిటీ అంతకు ముందే ఆ కంపెనీని బోనెక్కించింది. పోయిన పరువు తిరిగి తెచ్చుకోవడానికి అది దేశ చరిత్రలోని ఆదర్శమూర్తులను ఆశ్రయించింది. 1952లో ఆ కార్యక్రమం టీవీకి వచ్చి 1957 దాకా నడిచింది. సరిగ్గా అదే కాలంలో, 1953లో, సీబీఎస్ ‘యు ఆర్ దేర్’ను టీవీకి తెచ్చింది. వాల్టర్ క్రాంకైట్ వార్తలు చదివినట్టే చరిత్రను పరిచయం చేసేవాడు. విలేకరులు మైకు పట్టుకుని ప్రాచీన ఏథెన్స్ పౌరులనూ అడిగేవారు, మధ్యయుగపు మతాధికారులనూ అడిగేవారు. చాలా ఎపిసోడ్లకు దర్శకుడు సిడ్నీ లూమెట్. రాసినవారిలో ముఖ్యులు ఏబ్రహాం పొలోన్‌స్కీ, వాల్టర్ బెర్న్‌స్టీన్, ఆర్నాల్డ్ మనాఫ్. ముగ్గురూ కమ్యూనిస్టులన్న ముద్రతో బ్లాక్‌లిస్టులో ఉన్నవాళ్లే. వేరే పేర్ల చాటున రాశారు. సోక్రటీస్ మరణం, గెలీలియోపై మతపీఠం ఒత్తిడి, సేలం మంత్రగత్తెల విచారణ అన్నీ 1953లోనే ప్రసారమయ్యాయి. సెనేటర్ మెకార్థీ కమ్యూనిస్టుల వేట జోరుగా సాగుతున్న ఆ ఏడాది ఈ మూడు కథల అర్థం ప్రేక్షకులకు విడమరిచి చెప్పనక్కర లేదు. అరగంటలో సోక్రటీస్ జీవితమంతా పట్టదు. పట్టాల్సిన పనీ లేదు. విషం తాగాలా, పారిపోవాలా అన్న ఒక్క ప్రశ్న చాలు, ఆయన తత్వమంతా అందులోనే ఉంది.

ఈ పద్ధతికి పరాకాష్ఠ 1964 నవంబరు నుంచి ఎన్‌బీసీలో వచ్చిన ‘ప్రొఫైల్స్ ఇన్ కరేజ్’. కెనెడీ 1956లో ప్రచురించిన పుస్తకం దానికి ఆధారం. పుస్తకంలో ఉన్నది ఎనిమిది మంది సెనేటర్లు. సిరీస్ 26 ఎపిసోడ్లకు పెరగడంతో సెనేట్ గడప దాటక తప్పలేదు. బానిసత్వం నుంచి తప్పించుకుని మహావక్తగా ఎదిగిన ఫ్రెడరిక్ డగ్లస్ అలా లోపలికొచ్చాడు. 1833లో నల్లజాతి బాలికలను తన బడిలో చేర్చుకుని ఊరి ఆగ్రహానికి గురైన ఉపాధ్యాయిని ప్రూడెన్స్ క్రాండల్ కూడా అలాగే వచ్చింది. ఆంథాలజీ స్వభావంలోనే ఉన్న మేలు ఇది: ఒక జాబితా మొదలైతే అందులో లేనివారు ఎందుకు లేరన్న ప్రశ్న తానే వస్తుంది. ఒక్క నిర్ణయం చుట్టూ కథ అల్లితే మనిషి విగ్రహంగా మారిపోడా అని అడగవచ్చు. మారిన సందర్భం ఉంది. 1868లో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ అభిశంసనకు వ్యతిరేకంగా ఓటేసిన ఎడ్మండ్ రాస్‌ను పుస్తకమూ, సిరీసూ రెండూ వీరుడిగా నిలబెట్టాయి. ఆ ఓటు వల్ల కొత్తగా విముక్తులైన నల్లజాతివారి హక్కులకు అడ్డుపడ్డ అధ్యక్షుడు పదవిలో మిగిలాడన్న కోణం అందులో మరుగున పడింది. ఇది చిన్న లోపం కాదు. అయినా ఒకటి గమనించాలి. వాదన ఒకే నిర్ణయం మీద నిలబడింది గనక దాన్ని పట్టుకుని తప్పని చెప్పగలుగుతున్నాం. పది గంటల జీవితగాథలో ఇలాంటి తప్పు పట్టుకోవడానికి దొరకదు, కథా ప్రవాహంలో కొట్టుకుపోతుంది.

బ్రిటన్‌లో బీబీసీ వేరే దారి పట్టింది. 1970లో వచ్చిన ‘ది సిక్స్ వైవ్స్ ఆఫ్ హెన్రీ ది ఎయిత్’ ఆరు నాటకాలు, ఆరుగురు రచయితలు. ఒక్కో నాటకం ఒక్కో రాణిది. రాజుగా కీత్ మిచెల్ ఆరింటిలోనూ ఉన్నా, ఏ నాటకమూ అతని జీవితచరిత్ర కాదు. మరుసటి ఏడు గ్లెండా జాక్సన్‌తో ‘ఎలిజబెత్ ఆర్’ కూడా ఆరు నాటకాలుగానే వచ్చింది. మన దూరదర్శన్‌లో 1988లో మొదలైన ‘భారత్ ఏక్ ఖోజ్’ను ఈ వరుసలోనే చూడాలి. సికింద్రాబాద్ తిరుమలగిరిలో పుట్టి పెరిగిన శ్యామ్ బెనెగళ్ 53 ఎపిసోడ్లలో అశోకుణ్ణీ, అక్బర్‌నూ, శివాజీనీ చూపించాడు. ఎవరి కథ వచ్చినా నెహ్రూ రూపంలో రోషన్ సేఠ్ నిలబడి, ఈ మనిషి వల్ల దేశంలో ఏం మారిందని ఆరా తీస్తూనే ఉండేవాడు. ఆ ప్రశ్న సిరీస్ మొత్తానికి వెన్నెముక.

‘జీనియస్’ మొదటి సీజన్‌లో అలాంటి ప్రశ్న కనిపించదు. వాల్టర్ ఐజాక్సన్ రాసిన జీవితచరిత్ర ఆధారం, తొలి ఎపిసోడ్‌కు రాన్ హోవర్డ్ దర్శకత్వం, వృద్ధ ఐన్‌స్టీన్‌గా జెఫ్రీ రష్. దేనికీ లోటు లేదు. అయినా 1922లో జర్మన్ మంత్రి రాథెనావ్ హత్యతో తెర లేచిన కాసేపటికే కార్యదర్శితో ఐన్‌స్టీన్ శృంగారం కనిపిస్తుంది. భౌతికశాస్త్రం తన వంతు కోసం ఆగాలి. దీన్ని సమర్థించేవారు రెండు మాటలు చెబుతారు, రెండూ తీసిపారేయదగ్గవి కావు. మొదటిది: మేధావి పనిని మాత్రమే చెప్పిన పాత చరిత్రలు ఆ పని కోసం నలిగినవారిని చెరిపేశాయి, మొదటి భార్య మిలేవా మారిచ్‌కు ఈ సిరీస్ న్యాయం చేసింది. నిజమే. ఆమె కూడా జూరిచ్ పాలిటెక్నిక్‌లో భౌతికశాస్త్రం చదివింది. 1900లో, 1901లో తుది పరీక్ష తప్పింది. 1919 విడాకుల ఒప్పందంలో రాబోయే నోబెల్ సొమ్మును ఐన్‌స్టీన్ ఆమెకు రాసిచ్చాడు. కానీ మిలేవాకు నిజంగా న్యాయం జరగాలంటే ఆమె పోగొట్టుకున్నదేమిటో ప్రేక్షకుడికి తెలియాలి. ఆ శాస్త్రం తెలియకపోతే ఆమె నష్టం ఒక కాపురపు నష్టంగానే మిగులుతుంది. రెండోది: సమీకరణాలు తెరమీద నాటకం కావు. ఈ మాట నేను ఒప్పుకోను. 1915 నవంబరు ఒక్క నెల చూడండి. ప్రష్యన్ అకాడమీలో 4, 11, 18, 25 తేదీల్లో వరుసగా నాలుగు గురువారాలు ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్షతా సిద్ధాంతంపై పత్రాలు సమర్పించాడు. ముందు వారం చెప్పింది తర్వాతి వారం సరిదిద్దుకుంటున్నాడు. అవతల గణితవేత్త హిల్బర్ట్ అదే లక్ష్యం వైపు పరుగెడుతున్నాడు. బుధగ్రహ కక్ష్యలో శతాబ్దానికి 43 ఆర్క్‌సెకన్ల తేడా తన సిద్ధాంతంతో సరిపోయినప్పుడు ఆయనకు గుండె దడదడలాడింది. అదే సమయంలో జూరిచ్‌లో ఉన్న భార్యాపిల్లలతో ఉత్తరాల మీద ఉత్తరాలు, తగువులు. బయట యుద్ధం. సైన్సూ, సంసారమూ, దేశమూ ఆ నాలుగు వారాల్లోనే ఉన్నాయి. బాల్యం నుంచి ముసలితనం దాకా తిరిగే సిరీస్‌కు అక్కడ ఆగే తీరిక లేకపోయింది.

పికాసో సీజన్ కూడా అదే బాట. మలగాలో పుట్టిన చిత్రకారుణ్ణి మలగాలోనే పుట్టిన ఆంటోనియో బండేరాస్ పోషించడం బాగుంది గానీ, బొమ్మల కన్నా ప్రియురాళ్ల వరుసే మనసులో మిగులుతుంది. మార్పు మూడో సీజన్‌లో వచ్చింది. అరీతా కుటుంబం ఆ సీజన్‌ను బహిరంగంగానే వ్యతిరేకించింది, ఆ అభ్యంతరానికి విలువ ఇవ్వాలి. ఆమె బాల్యాన్ని చూపిన తీరులో తొందరపాటు ఉంది కూడా. అయితే రచయిత్రి సుజాన్ లోరీ పార్క్స్ ఆధ్వర్యంలో పని మళ్లీ తెర మధ్యకు వచ్చింది. 1967 జనవరిలో అలబామాలోని ఫేమ్ స్టూడియోలో అరీతా పియానో ముందు కూర్చుంటుంది. వాద్యగాళ్లు ఆమె ఎత్తుకున్న స్వరం వెంట నడుస్తారు, పాట కళ్లముందే రూపం కడుతుంది. సింథియా ఎరివో స్వయంగా పాడింది. ఆ గదిలో ఆమె గొప్పదనాన్ని ఎవరూ మాటల్లో చెప్పనక్కర లేకపోయింది. నాలుగో సీజన్ ఇద్దరిని పక్కపక్కన నిలిపింది. కింగ్, మాల్కం ఎక్స్ జీవితంలో ఒకే ఒక్కసారి, 1964 మార్చి 26న, అమెరికా క్యాపిటల్ భవనంలో కలిశారు. ఇద్దరూ 39 ఏళ్లకే హతులయ్యారు. ఒకరి దారి మరొకరి దారిని ప్రశ్నిస్తుంటే, ఒంటరి మేధావి అన్న భావనే కొంత సడలింది. అది మంచి ఎంపిక. అయినా ఎనిమిది గంటల్లో రెండు నిండు జీవితాలు కుక్కాలన్న ఆత్రం వల్ల ఉద్యమ వ్యూహాల చర్చ చాలాచోట్ల పైపైనే సాగింది. నాలుగు సీజన్లలో ‘జీనియస్’ తన పేరుకు అందరికన్నా దగ్గరగా వచ్చింది ఫేమ్ స్టూడియోలోని ఆ పియానో దగ్గరే.