అజీజ్ ఎవరివాడు?

1924లో లండన్‌లో 'ఎ పాసేజ్ టు ఇండియా' వచ్చింది. రాసింది ఇ.ఎం. ఫార్‌స్టర్. చంద్రపూర్ అనే ఊహా పట్టణం, మసీదు, కొండగుహలు, కోర్టు - ఇంగ్లండ్‌లో కూర్చుని చదివేవాళ్లకు అన్నీ కొత్తే. గుహలో తనమీద చెయ్యి వేశాడని ఒక ఇంగ్లీషు యువతి డాక్టర్ అజీజ్ మీద నేరం మోపుతుంది. చివరికి కోర్టులో ఆమే ఆ మాట వెనక్కి తీసుకుంటుంది.

ఈ నవల అంకితమైంది సయ్యద్ రాస్ మసూద్‌కి. ఆయన మాకు పరాయివాడు కాదు. సర్ సయ్యద్ మనవడు. 1916 నుంచి 1928 దాకా హైదరాబాద్ రాజ్యంలో విద్యాశాఖ డైరెక్టర్. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియా వెనక ఆయన శ్రమ ఉంది. 1906లో ఆయనకు లాటిన్ చెప్పడానికొచ్చినవాడు ఫార్‌స్టర్. ఆ దోస్తీయే 1912లో అతన్ని ఇండియాకు రప్పించింది.

పాఠకులు ఒక్క తీరుగా చదవలేదు. లండన్ విమర్శకులు మెచ్చుకున్నారు. ఇక్కడ ఉద్యోగాలు చేసిన దొరలకు మండింది. కోర్టు పద్ధతులు తప్పన్నారు, మేమింత చెడ్డవాళ్లమా అన్నారు. ముప్పై ఏళ్ల తర్వాత, 1954లో, నీరద్ చౌధురి ఇంకో తప్పు పట్టాడు: ఇంగ్లీషువాళ్లతో అసలు తగువు హిందువులది, అలాంటప్పుడు కథానాయకుడు ముస్లిం ఎట్లా అవుతాడని.

ఈ ప్రశ్న దగ్గరే మేం ఆగిపోతాం. ఈ దేశం కథలో ముస్లిం నడిమధ్యన నిలబడితే అది రచయిత పొరపాటా? మరి మా చోటెక్కడ? అంచునా?

అట్లాగని అజీజ్‌ని పూర్తిగా మావాడనుకోలేం. అతను చదువుకున్న డాక్టరు, బాబరునీ ఆలంగీర్‌నీ తలచుకునే షాయర్. మా దూదేకుల సాయిబు, బీడీలు చుట్టే మా అమ్మ ఆ నవలలో లేరు. మా ఆడవాళ్లున్నారు - ఒకరు పర్దా వెనక గొంతుగా, ఒకరు చనిపోయాక మిగిలిన ఫోటోగా.

కానీ ఒకటి మాత్రం మాకు బాగా తెలుసు. సాక్ష్యం వినకముందే దొరల క్లబ్బు అజీజ్‌ని దోషిని చేసేసింది. నిర్దోషి అని బయటపడ్డాక కూడా అతను పాత అజీజ్ కాలేకపోయాడు, ఊరే వదిలిపోయాడు. గుహలో ఏం జరిగిందని విమర్శకులు ఇన్నేళ్లుగా వాదించుకుంటున్నారు. మేం అడిగేది వేరు. కోర్టు వదిలేసిన మనిషికి పోయిన మర్యాద ఎవరు తిరిగిస్తారు?