పాత పికప్ ట్రక్కు, దాని పొగగొట్టము

యంత్రముల చరిత్రను వ్రాయువారు సాధారణముగా ఇంజనును గూర్చియే ముచ్చటింతురు. ఇంజను విడిచిన పొగను వెలికి గొనిపోవు గొట్టమును తలచువారు అరుదు. కాని పాత వాహనమును పునరుద్ధరింపబూనినవారికి తరచుగా ఈ గొట్టమే తొలి చిక్కు. ముందుగా తుప్పుపట్టి రాలునది అదియే. క్రొత్త భాగమును ఎన్నుకొనుటకు ముందు, పాతది ఏ కారణమున ఆ రూపమున నుండెనో మనము తెలిసికొనవలెను.

అమెరికాలో ఇండియానా రాష్ట్రమందలి రీవ్స్ సోదరులు ఇంజను చప్పుడును తగ్గించు సాధనమునకు 1897లో పేటెంటు పొందిరి. నేడు మనము సైలెన్సరనునది దాని సంతతియే. 1925లో ఫోర్డు కంపెనీ తన మోడల్ టి బండికి వెనుక సామాను తొట్టి నమర్చి, పికప్పుగా 281 డాలర్లకు విక్రయించెను. రైతులకును, చిన్న వర్తకులకును అది పనిముట్టు, అలంకారము కాదు.

షెవ్రొలే 3100ను ఉదాహరణముగా గైకొందము. 1947లో వెలువడిన ఈ అర టన్ను పికప్పునకు 90 అశ్వశక్తిగల, 216 ఘనపుటంగుళముల ఇంజను నమర్చిరి. ఆరు సిలిండర్లును ఒకే వరుసలో నుండుటచే ఒక మానిఫోల్డు, ఒక గొట్టము, ఒక సైలెన్సరు చాలెను. మానిఫోల్డులో నొక చిన్న రేకు తలుపు కలదు. ఇంజను చల్లగా నున్నప్పుడు అది వేడి పొగను కార్బురేటరు అడుగునకు మరల్చి, వేడెక్కిన పిదప దారి విడుచును. తుప్పుచే నది మూసికొనియే యుండినచో, ఎంత మంచి గొట్టమును బిగించినను ఇంజను ఊపిరాడక బాధపడును.

1955లో ఇదే 3100 పేరు మీద పాత నమూనాయు, అటుపిమ్మట క్రొత్త నమూనాయు వెలువడెను. క్రొత్తదానికి 265 ఘనపుటంగుళముల వి-8 ఇంజను కూడ లభించెను. వి-8కు రెండు ప్రక్కల రెండు మానిఫోల్డులు. గొట్టముల వంపులు వేరు. కావున పేరును, సంవత్సరమును మాత్రమే చెప్పి భాగములు తెప్పించుకొన్నవాడు చిక్కులలో పడును. బండిలో నేడున్న ఇంజను ఏదో, చట్రము ఏ నమూనాదో ముందు చూడవలెను.

లావు గొట్టము వేసిన బలము పెరుగునని కొందరి నమ్మకము. సామాన్యమైన పాత ఇంజనుకు అది చప్పుడునే గాని బలమును పెంచదు. లోహము మాట వేరు. ఒక లీటరు పెట్రోలు దహనమైనప్పుడు సుమారొక లీటరు నీరు ఆవిరిగా వెలువడును. కొద్ది దూరమే నడచు బండిలో ఆ ఆవిరి సైలెన్సరులోనే చల్లారి, ఉక్కును లోపలినుండి తినివేయును. అప్పుడప్పుడు మాత్రమే వీధికెక్కు పాత బండికి ఈ బాధ మిక్కుటము. అల్యూమినియము పూత గల ఉక్కు సాధారణపు ఉక్కుకంటె ఎక్కువకాలము మన్నును. స్టెయిన్‌లెస్ ఉక్కు మరింత మన్నును, వెలయు నెక్కువ.

వెలకంటె ముఖ్యమైనది ప్రాణము. పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగులేదు, వాసనలేదు. అది రక్తములోని హీమోగ్లోబినును ప్రాణవాయువుకంటె 200 రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. అమెరికాలో 1975 నమూనా కార్లనుండి విరివిగా వచ్చిన కాటలిటిక్ కన్వర్టరు ఈ వాయువును చాలవరకు మార్చివేయును. అంతకుముందటి బండ్లకు ఆ రక్ష లేదు. మానిఫోల్డు పగులు, చెడిన గాస్కెటు, వదులైన క్లాంపు, క్యాబిను నేలలోని రంధ్రము, వీనిలో ఏ రెండు కలిసినను విషము నడుపువాని చెంతకు చేరగలదు. గొట్టపు కొన క్యాబిను క్రిందనే ముగియరాదు. బండి వెలుపలికి సాగవలెను.

పాత వస్తువును పాతగానే నిలుపుట చరిత్రపై గౌరవమని కొందరందురు. మేమును గౌరవింతుము. కాని వంపులు, రూపము మొదటివిగా నుంచి, లోహము, గాస్కెట్లు, క్లాంపులు క్రొత్తవిగా వేయుటయే మాకు సమ్మతము. ఆనాటి రైతు సైతము పగిలిన గొట్టమును మార్చియే బండిని పొలమునకు తోలెను.