సైక్లోను: పాము చుట్టనుండి వచ్చిన మాట

వరిచేలు కోతకు వచ్చు కార్తీక మార్గశిరములలో గోదావరి డెల్టావాసులు భయముతో విను ఇంగ్లీషు మాట యొకటి కలదు: సైక్లోను. పలకా బలపము పట్టని ముసలమ్మకు సైతము దీని అర్థము తెలియును. అయినను ఇది అనాదిగా వచ్చిన మాట కాదు. ఒకరు పనిగట్టుకొని కల్పించినది. ఆ కల్పనకును మన కోరంగి రేవునకును గల సంబంధమును శ్రోతలకు చెప్పదలచినాము.

కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అను ఆంగ్లేయుడు ఉండెను. ఓడలు నడిపినవాడు, పిమ్మట నౌకాప్రమాదములను విచారించు న్యాయస్థానమునకు అధ్యక్షుడైనాడు. తుపానులో చిక్కి బయటపడిన ఓడల దినచర్య పుస్తకములు సేకరించి, ఏ గంటకు ఏ ఓడపై గాలి ఏ దిక్కునుండి వీచినదో పటముపై గుర్తించుట ఆయన పద్ధతి. 1839 నవంబరులో కోరంగిని ముంచిన తుపాను ఆయన ఇట్లు పరిశోధించిన తొలి తుపానులలో ఒకటి. తుపాను గాలి సుడి తిరుగునని అమెరికావాడైన రెడ్‌ఫీల్డు, బ్రిటిషు సైనికాధికారి రీడు అప్పటికే చెప్పియుండిరి. బంగాళాఖాతమున ఆ తీరును వివరముగా చూపినవాడు పిడింగ్టన్.

అప్పటికి ఇంగ్లీషువారు గేల్ అనియు, స్టార్మ్ అనియు, హరికేన్ అనియు తోచిన పేరు వాడుచుండిరి. నావికుడు తప్పించుకొనుటకు గాలి బలముకన్న అది తిరుగు తీరు ముఖ్యము. అందుచే 1848లో వెలువరించిన నావికుల గ్రంథమున ఆయన సైక్లోన్ అను పేరు ప్రతిపాదించినాడు. గ్రీకు మూలమునకు వలయమను అర్థముతోపాటు పాము చుట్ట అను అర్థము కూడ ఉన్నదని ఆయన వివరణ. (లంక పొగాకు చుట్ట కాదు సుమా!) తుపాను గాలి కొలిచి గీసిన వృత్తము కాదు గనుక, ఆ పోలిక ఎంతయు తగియున్నది.

తరువాత ఈ మాట చాల దూరము పోయినది. అమెరికాలో పల్లెటూరివారు టోర్నడోను సైక్లోను అనిరి. రైస్ మిల్లులో తవుడును గాలినుండి వేరుచేయు గరాటువంటి యంత్రమును సైక్లోనే.

అయితే ఈ మాటలో గాలి ఉన్నదిగాని నీరు లేదు. కోరంగిని చంపినది నీరు. 1789 డిసెంబరులో వాయవ్యపు గాలి ఉధృతముగా ఉండి, సముద్రము పోటుమీద ఉన్న సమయమున మూడు మహాతరంగములు ఒకదాని వెనుక ఒకటి వచ్చినవి. మొదటిది ఊరిలోనికి కొన్ని అడుగుల నీరు తెచ్చినది; రెండవది పల్లపు నేలలను ముంచినది; మూడవది మిగిలినదానిని తుడిచిపెట్టినది. సుమారు 20,000 మంది మరణించిరని చెప్పుదురు. ఇసుక, బురద మేటవేసి శవములను వెదకుటకైనను వీలు లేకపోయెను. ఈ వృత్తాంతమును తన గ్రంథమున చేర్చినవాడు పిడింగ్టనే. ఆయన నీటిని మరువలేదు. కలకత్తా దిగువన మాతలా నదిపై కొత్త రేవు కట్టదలచినప్పుడు, సముద్రపు కెరటము దానిని ముంచునని 1853లో గవర్నరు జనరలుకు లేఖ వ్రాసినాడు. రేవు కట్టిరి. 1858లో ఆయన గతించినాడు. 1867లో కెరటము వచ్చి ఆ రేవును పాడుచేసినది.

మన తుపాను అను మాటయు పరాయిదే. అరబ్బీ తూఫాన్, పారసీక హిందుస్తానీల మీదుగా మనకు చేరినది. అరబ్బీలో దానికి జలప్రళయమనియు అర్థము కలదు. ఇంగ్లీషు టైఫూనునకు ఇది చుట్టమే. మన సొంత మాట గాలివాన. పశ్చిమగోదావరి వాస్తవ్యులైన పాలగుమ్మి పద్మరాజుగారు 1952లో ప్రపంచ కథల పోటీలో ద్వితీయ బహుమతి పొందిన కథకు ఆ మాటనే పేరుగా పెట్టినారు.

సముద్రము గట్టెక్కి ఊరిమీదికి వచ్చుటకు ఇంగ్లీషున రెండు మాటలు కూర్చి స్టార్మ్ సర్జ్ అనవలెను. తెలుగున ఉప్పెన అన్న చాలును. 1977 నవంబరు 19న దివిసీమ మునిగినప్పుడు ఆ మాట ఆంధ్రదేశమంతట మారుమ్రోగినది. నేడు తుపాను హెచ్చరికలలో గాలి వేగముతోపాటు ఉప్పెన ఎన్ని మీటర్లు లేచునో కూడ వేరుగా చెప్పుచున్నారు. 1789లో కోరంగివారికి ఈ రెండు అంకెలలో ఒకటియైన చెప్పువారు లేరు.