గడి దోమకొండది, గంజి కామారెడ్డిది

దోమకొండ గడికి వచ్చినవాళ్లు అద్దాల మేడ దగ్గరే ఆగిపోతారు. లోపలి మహాదేవుని గుడి అంతకన్నా చాలా పాతది. దాని చెక్కడపు స్తంభాల్లో కాకతీయుల నాటి పనితనం కనిపిస్తుంది. కందకమూ మేడలూ తర్వాత వచ్చినవి. గడిని ఏలిన కామినేని వారు అంతకుముందు బిక్కనవోలు, అంటే ఇప్పటి భిక్కనూరు, కేంద్రంగా ఏలారు. షట్చక్రవర్తి చరిత్ర రాసిన మల్లారెడ్డి ఆ వంశం వాడే. కామారెడ్డి, ఎల్లారెడ్డి కూడా ఆ దొరల పేర్ల మీద వెలసిన ఊళ్లేనని ఇక్కడి జనం చెప్పుకుంటారు. 1908 నాటి ఇంపీరియల్ గెజిటీర్‌లో మాత్రం అవి కామారెడ్డిపేట, ఎల్లారెడ్డిపేట.

గడి ఉన్న ఊరే పెద్ద ఊరు కావాలి. కాలేదు. సికింద్రాబాదు నుంచి మన్మాడుకు వేసిన మీటర్‌గేజి లైను 1901 నాటికి పూర్తయింది. స్టేషను కామారెడ్డికి దక్కింది. హైదరాబాదు, నిజామాబాదు మధ్య రోడ్డు కూడా ఈ ఊరి మీదుగానే. చెరకు పండే పల్లెల నుంచి బెల్లం ముద్దలు ఇక్కడి గంజికి, అంటే టోకు బజారుకు, చేరాయి, కామారెడ్డి బెల్లానికి పేరొచ్చింది. 1949లో జాగీర్లు రద్దయ్యేసరికి దొరల దర్పం కన్నా దుకాణదారుల లెక్కల పుస్తకానికే బరువెక్కువ.

ఎల్లారెడ్డి కథ నీటిది, అదీ కాస్త చేదు కథ. నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ ఊరికి దగ్గర్లోనే ఉంది. కానీ నీరు పల్లానికే కదా: కాలువ బాన్సువాడ, బోధన్ వైపు సాగింది. 1938 నాటికి చక్కెర ఫ్యాక్టరీ కూడా బోధన్‌లోనే లేచింది. ఎల్లారెడ్డి పొలాలకు దిక్కయింది 1922 నాటి చిన్న పోచారం ప్రాజెక్టు. 2025 ఆగస్టు వరదకు దాని మట్టికట్ట కోసుకుపోయినా, ఆనకట్ట నిలిచింది.

2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా కేంద్రమైంది, ఎల్లారెడ్డి రెవెన్యూ డివిజన్‌తో సరిపెట్టుకుంది. పెరిగే పట్నం కన్ను చుట్టుపక్కల చేలమీద పడింది. పంట భూములను పారిశ్రామిక జోన్‌లో చూపిన మాస్టర్ ప్లాన్ మీద రైతులు రోడ్డెక్కడంతో 2023 జనవరిలో మున్సిపాలిటీ దాన్ని రద్దు చేసింది. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన అసెంబ్లీ ఎన్నికల ఫలితాల్లో, ఆ రైతుల పక్షాన నిలిచిన స్థానిక అభ్యర్థి చేతిలో అప్పటి ముఖ్యమంత్రీ, కాబోయే ముఖ్యమంత్రీ ఇద్దరూ ఇక్కడ ఓడిపోయారు.