తిరుపతి అడవి నుండి ముక్తి సదనం వరకు

పండిత రమాబాయి పేరు వినగానే మనకు స్త్రీవిద్య, వితంతువుల శరణాలయం, మతమార్పిడి వివాదం గుర్తుకు వస్తాయి. నేనిక్కడ మరొక ప్రశ్నతో ఆమె జీవితాన్ని చూడదలచుకొన్నాను. వరుసగా ఆప్తులను పోగొట్టుకొన్న ఆ మనిషికి క్రైస్తవ విశ్వాసం ఊరట నిచ్చిందా? ఇచ్చినచో ఎంతకాలానికి, ఏ విధంగా?

ఆ కథలోని తొలి గాయం తెలుగునేల మీదనే తగిలింది. ఆమె తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. లోకం కాదన్నా భార్యకు సంస్కృతం నేర్పినవాడు. 1858లో పుట్టిన రమాబాయి తీర్థయాత్రలలోనే పెరిగింది. ఊరూరా పురాణం చెప్పి, వచ్చిన సంభావనతో ఆ కుటుంబం బ్రతికేది. 1870ల కరవులో ఆ ఆధారమూ పోయింది. చివరి బియ్యపుగింజ అయిపోయిన రాత్రి, తెలిసినవారి మధ్య దారిద్ర్యంతో తలవంచుకోలేక, తిరుపతిలోని బస విడిచి మరణించడానికే అడవిలో ప్రవేశించారు. పదకొండు రోజులు నీళ్లు, ఆకులు, గుప్పెడు అడవి ఈతపండ్లే ఆహారం. 1874లో తండ్రి మరణించాడు. కొద్ది నెలలకు తల్లి, ఆ తరువాత అక్క కన్నుమూశారు.

మిగిలిన అన్నాచెల్లెళ్లు కాలినడకన దేశమంతా తిరిగి 1878లో కలకత్తా చేరారు. అక్కడి విద్వాంసులు ఆమెకు ‘పండిత’, ‘సరస్వతి’ బిరుదులిచ్చారు. 1880లో అన్న శ్రీనివాస్ మరణించాడు. ఆ ఏడే ఆమె వివాహమాడిన బెంగాలీ న్యాయవాది బిపిన్ బిహారీ మేధావి 1882లో కలరాతో పోయాడు. ఇరవై మూడేళ్లకే ఆమె పసిబిడ్డతో ఒంటరిగా మిగిలింది.

1883లో ఇంగ్లండు వెళ్లి, వాంటేజ్‌లోని క్రైస్తవ సన్యాసినుల మఠంలో ఉన్నది. తోడుగా వచ్చిన స్నేహితురాలు ఆనందీబాయి భగత్ అక్కడ ఆత్మహత్య చేసికొన్నది. ఆ సంవత్సరమే సెప్టెంబరు 29న రమాబాయి బాప్తిస్మం పొందింది. లండనులోని ఫుల్‌హామ్‌లో, లోకం పతితలన్న స్త్రీలకు ఆ సన్యాసినులు చేస్తున్న సేవ ఆమెను కదిలించింది. వారి ప్రేరణ ఏమిటని అడిగినప్పుడు, యోహాను సువార్తలో యేసు సమరయ స్త్రీతో సంభాషించిన కథ విన్నది.

ఇంతటితో దుఃఖం తీరిందని వ్రాయడం సులభం. కాని ఆమె అట్లా వ్రాయలేదు. 1907లో ప్రకటించిన సాక్ష్యంలో, బాప్తిస్మం నాటికి తనకు క్రైస్తవమతం దొరికిందేగాని క్రీస్తు దొరకలేదనీ, మనశ్శాంతి ఏళ్ల తరువాతగాని రాలేదనీ ఒప్పుకొన్నది. ఆ నిజాయితీ వల్లనే ఆమె మాటను నేను నమ్ముతాను.

ఆ శాంతి ఆమెను ఊరక కూర్చోనివ్వలేదు. 1889లో బొంబాయిలో స్థాపించిన శారదా సదన్ మరుసటి ఏడు పుణెకు మారింది. విద్యార్థినులను క్రైస్తవం వైపు త్రిప్పుతున్నదని 1893లో పెద్ద దుమారం లేచింది. తిలక్ ‘కేసరి’ తీవ్రంగా విమర్శించింది. సలహాసంఘంలోని రానడే, భండార్కర్ వైదొలగారు. శరణాలయంలో మతబోధ ఎంతవరకు ఉచితమన్న ఆనాటి ప్రశ్నను నేను తేలికగా త్రోసిపుచ్చను.

అయితే 1896లో మధ్యపరగణాలలో కరవు వచ్చినప్పుడు జరిగినది ఆ వివాదానికి అందనిది. ఆకలితో చావుకు సిద్ధమైన బాలికలు, వితంతువులు ఉన్నచోటికి ఆమె స్వయంగా వెళ్లింది. ఇరవై ఏళ్లనాటి తన ఆకలి జ్ఞాపకమే అక్కడికి నడిపించిందని చెప్పుకొన్నది. వారిలో వందలమందిని పుణె దగ్గరి కేడ్‌గావ్‌కు తెచ్చి ముక్తి సదనంలో ఆశ్రయమిచ్చింది. వారు చదువుతోపాటు నేత, వ్యవసాయం, ముద్రణ నేర్చుకొన్నారు. అంధబాలికలకు కూడ అక్కడ చదువు చెప్పారు.

విశ్వాసం ఆమె గాయాన్ని మరపించలేదని నాకు తోస్తుంది. మరచియుంటే, ఆకలితో పడియున్న ఆ పిల్లలలో తిరుపతి అడవిలోని తనను గుర్తుపట్టగలిగేది కాదు. తలచుకొన్నప్పుడు తనను కూల్చిన జ్ఞాపకమే ఇప్పుడు ఇతరులకు అన్నం పెట్టే బలమైంది. ఊరట అంటే ఆమె విషయంలో ఇదే.

కష్టాలు మాత్రం ఆగలేదు. తన పనికి కుడిభుజమైన కూతురు మనోరమ 1921లో మరణించింది. హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చి ఏళ్లతరబడి చేస్తున్న బైబిలు మరాఠీ అనువాదాన్ని ఆ శోకంలోనూ ఆమె విడిచిపెట్టలేదు. దానిని ముగించి, 1922 ఏప్రిల్ 5న కన్నుమూసింది.