ఉచిత పేపర్ బిల్లు ఎవరు కట్టారు?

ఈ భాగం స్టాక్‌హోమ్‌లో మొదలై మన హైటెక్ సిటీ దాకా వస్తుంది.

1995 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్ భూగర్భ రైలు స్టేషన్లలో 'మెట్రో' అనే దినపత్రిక పెట్టారు. పైసా కట్టక్కర్లేదు. రైలు దిగేలోపు చదివేసేంత చిన్న వార్తలు. ఖర్చంతా ప్రకటనలదే. ఆ నమూనా యూరప్, అమెరికా, ఆసియా నగరాలకు పాకింది. తర్వాత స్మార్ట్‌ఫోన్ వచ్చింది. ప్రయాణికుడి చూపూ, ప్రకటనల డబ్బూ అటే పోయాయి. 2019లో స్వీడన్‌లో దాని అచ్చు ఆగిపోయింది. అదే ఏడాది మార్చిలో మన మెట్రో రైలు అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి చేరింది. అప్పటికే చేతిచేతికీ ఫోన్.

ఉచిత పత్రికను నిజంగా కొనేది ప్రకటనదారు. అతనికి ఖర్చు పెట్టగల పాఠకుడే కావాలి. టవర్లో కూర్చునే ఉద్యోగి లెక్కలోకి వస్తాడు, ఆ టవర్ తుడిచే అక్క రాదు.

డబ్బున్నా లెక్కలోకి రానివాళ్లూ ఉన్నారు. 1920 జనవరి 31న అంబేద్కర్ 'మూక్‌నాయక్' తెచ్చారు. సాహూ మహారాజ్ 2,500 రూపాయలిచ్చారు. ఆ పత్రిక వస్తోందన్న ప్రకటనను డబ్బిస్తామన్నా 'కేసరి' వేయలేదు. మార్కెట్‌కూ కులం ఉంది.

'మూక్‌నాయక్' మూడేళ్లకే ఆగింది. కానీ 1927లో 'బహిష్కృత భారత్' వచ్చింది. 1931లో హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 'భాగ్యనగర్' పెట్టారు. లాభం కోసం పుట్టిన పత్రిక లాభంతోనే పోతుంది. అవసరం కోసం పుట్టింది ఇంకో పేరుతో లేస్తుంది.

ఫోన్లో ఫ్రీగా వచ్చేదానికీ ఎవరో బిల్లు కడుతున్నారు. హాస్టల్ గోడపత్రికైనా సరే, పది రూపాయల చందాతో మనది మనం నడుపుకుందాం.

జై భీమ్.