ఎద మీదికి నెట్టిన ఓటమి

విస్సన్నపేట, తిరువూరు వైపు ఊళ్లలో పందెమంటే ఎడ్లదే. బండలాగుడుకు ఆవును కట్టరు. దాని విలువంతా పాలలో, దూడలో. గుర్రప్పందెం అలా కాదు, ఆడా మగా ఒకే గీత మీద నిలబడతాయి. 1868లో మౌలాలిలో మొదలై, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ హయాంలో 1886లో మలక్‌పేటకు మారిన హైదరాబాదు పందేల్లో ఇవాళ్టికీ ఇదే పద్ధతి. అయినా మగగుర్రం ఓడితే కాలు చూస్తారు, ఊపిరి చూస్తారు. ఆడగుర్రం (పాత తెలుగులో గోడిగ) ఓడితే మాత్రం ‘ఎదకొచ్చిందిలే’ అని సరిపెట్టుకోవడం సులువు. ఆ సులువు వల్లే ఆడగుర్రాల జబ్బులు చాలాకాలం వాటి స్వభావం ఖాతాలో పడిపోయాయని నా వాదన.

గట్టి సాక్ష్యం ఒకటుంది. ఒళ్లు కరిగి సన్నబడ్డ పందెపు గోడిగకు ఆసనం లోపలికి గుంజుకుపోతుంది, దాని కిందుండే యోని పెదవులు వాలి బిగువు తప్పుతాయి. దౌడు తీసినప్పుడల్లా గాలి లోపలికి పోతుంది. పక్కన నిలబడితే ఆ చప్పుడు వినిపిస్తుంది కూడా. గాలితో పాటు పేడ మురికీ చేరి గర్భసంచి దాకా వాపు పాకుతుంది. నొప్పికి గుర్రం తోక విసురుతుంది, జీను బిగించనివ్వదు, పరుగులో అడుగు కుదించుకుంటుంది. చూసేవాళ్లకు అది పొగరు. అమెరికా పశువైద్యుడు కాస్లిక్ 1937లో దీనికి విరుగుడు రాశాడు: తిమ్మిరి సూది వేసి, పెదవుల అంచులు పలచగా కత్తిరించి, పైభాగం కుట్టేయడం. అంతే. అయితే ఆయన చూసింది ఓడిపోయే గుర్రాలను కాదు, చూడి నిలవని గుర్రాలను. పిల్ల పోతే డబ్బు పోతుంది మరి! అండాశయంలో గడ్డ సంగతీ ఇలాంటిదే. కొన్ని గడ్డలు మగ హార్మోన్ను పెంచి, నెమ్మదైన గోడిగను కరిచే జంతువుగా మారుస్తాయి. గడ్డ తీసేస్తే మళ్లీ మామూలవుతుంది.

ఎద ప్రభావం ఉత్తదేనా అంటారా? కాదు. కొన్ని గుర్రాలు ఆ రోజుల్లో నిజంగానే మందగిస్తాయి, ఎద రాకుండా ఆల్ట్రెనోజెస్ట్ అనే మందు తాగించడమూ ఉంది. కానీ ఎదకొచ్చే సీజన్‌లో సుమారు మూడు వారాలకోసారి అయిదారు రోజులు ఎదలో ఉండే గుర్రానికి, నాలుగు ఓటముల్లో ఒకటి కాకతాళీయంగానైనా ఆ రోజుల్లోనే పడుతుంది. అవే రోజుల్లో గెలిచిన పందేలను ఎవరూ లెక్కపెట్టరు. పెద్ద పందేల్లో మగగుర్రాలే ఎక్కువ గెలుస్తాయన్నదీ నిజమే. అందుకే ఆడగుర్రం మీద కాస్త తక్కువ బరువు పెడతారు. అయితే మంచి గోడిగను పెంపకం కోసం తొందరగా పందెం మాన్పిస్తారన్నది మరిచిపోకూడదు. పదకొండు నెలల చూలు, ఏడాదికి ఒక్కటే పిల్ల. మగగుర్రానికైతే ఒక్క సీజన్‌లో వందకు పైగా. ఇంత తక్కువ అవకాశంలోనూ హంగరీ గోడిగ కించెమ్ 1876 నుంచి 1879 దాకా 54 పందేలు పరిగెత్తి 54 గెలిచింది, ఆ తర్వాత అయిదు పిల్లల్ని కన్నది. ఆస్ట్రేలియా గోడిగ బ్లాక్ కేవియర్ 25కు 25 గెలిచింది.

మన దేశం సంగతంటారా, 1943లో బొంబాయిలో జరిగిన మొట్టమొదటి ఇండియన్ డెర్బీ గెలిచింది ప్రిన్సెస్ బ్యూటిఫుల్. అదీ ఆడగుర్రమే.